తంపటి కాలం

కార్తీకం వచ్చిందంటే విజయనగరంలో రాయపూర్ లైను బండెక్కి కిటికీ పక్కన కూర్చోవాలనిపిస్తుంది నాకు. గొట్లాం, గరుడబిల్లి, గజపతినగరం దాటుతున్నా పొలాల మీద మంచు కదలదు. పల్లంలో వరి కంకి బరువుకి వంగి ఉంటుంది. గరువుల మీద చోడి చేలు కోతకొస్తుంటాయి. కోమటిపల్లిలోనో డొంకినవలసలోనో గంపలతో ఎక్కే ఆడవాళ్లని చూస్తే చాలు, పంచాంగం అక్కర్లేదు. ముందు సీతాఫలాలు, అవి తగ్గగానే చిలగడదుంపలు, వాటి వెనకే తేగలు. రాయపూర్ దాకా ఈ లైను పూర్తయింది 1931లో. అప్పటినుంచీ ఈ గంపలు ఇలాగే ఎక్కి దిగుతున్నాయేమో అనుకుంటూ కూర్చుంటే బొబ్బిలి వచ్చేస్తుంది.

బొబ్బిలిలో దిగే కొత్తవాళ్లు కోట చూస్తారు, 1757 జనవరి 24 నాటి యుద్ధానికి గుర్తుగా నిలబెట్టిన స్తంభం చూస్తారు. సంగీతం తెలిసినవాళ్లు గొల్లపల్లి వెళ్లి, సర్వసిద్ధి కుటుంబాలవాళ్లు ఒకే పనస దుంగలోంచి వీణ తొలిచే పని చూసి వస్తారు. తప్పకుండా చూడవలసినవే అవన్నీ. నేను మాత్రం ఈసారి దుంపల కోసం దిగాను. కిందటేడు శరత్తులో జపాన్ వెళ్లొచ్చాక, అక్కడ ఒక దుంప చుట్టూ ఋతువంతా ఎలా తిరుగుతుందో చూశాక, మా వైపు అదే దుంప ఎలా ఉందో మళ్లీ దగ్గరగా చూడాలని మనసు లాగింది.

బజారులో చిలగడదుంపల రాశులు కూరగాయల వరసకి కాస్త ఎడంగా, నేల మీద గోనెలు పరిచి పోసి ఉన్నాయి. ఎర్ర తోలువి ఎక్కువ, తెల్ల తోలువి తక్కువ. మట్టి ఇంకా పూర్తిగా రాలలేదు. పక్కన ఇంకో గోనె మీద తేగల కట్టలు, బుర్రగుంజు కోసం పగలగొట్టడానికి తాటి టెంకలు. నాగులచవితి వెళ్లిన వారం కాబట్టి బేరం మందగించింది. నేను కాస్త తడిగా, నిగనిగలాడుతున్న దుంపలకేసి చెయ్యి చాచితే అమ్మే ఆవిడ నా చెయ్యి పక్కకి జరిపింది.

"అయ్యి నిన్న తవ్వినవమ్మా. కూరకైతే తీసుకో. ఉత్తినే తినడానికైతే ఇటేపు కుప్పలోవి తీసుకో. నాలుగ్రోజులు నీడన పడేసినాం. ఇప్పుడే తీపెక్కినాయి."

తోలు కాస్త వాడి, అక్కడక్కడ ముడతపడ్డ కుప్ప అది. బళ్ల మీద వచ్చి గబగబా ఏరుకుపోయేవాళ్లెవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. ఆవిడ చెప్పిన మాట నిజమని నాకు జపాన్‌లో ఒక రైతు గోదాము ముందు నిలబడినప్పుడు తెలిసింది. తవ్విన దుంపని అక్కడ వెంటనే అమ్మరు. ముందు ముప్పై డిగ్రీల పైచిలుకు వేడిలో, గాలి నిండా తేమ ఉన్న గదిలో కొద్ది రోజులు ఉంచుతారు. తవ్వేటప్పుడు తగిలిన గాయాలు ఆ గదిలో మానిపోయి, పైన బెరడు కడుతుంది. ఆ తర్వాత పదమూడు నుంచి పదిహేను డిగ్రీల చల్లదనంలో వారాలు, ఒక్కోసారి నెలలు నిలవ ఉంచుతారు. ఆ నిలవలోనే పిండి కొంత చక్కెరవుతుంది. శరత్తులో తవ్వినది చలికాలం నడుమకి ఇంకా తియ్యగా ఉంటుంది. బొబ్బిలి బజారులో యంత్రం లేదు, ఉష్ణమానం లెక్కలేదు, ఇంటి చూరు కింద నీడ ఉంది. సూత్రం ఒక్కటే. ఆ తెలివిని ఎవరూ కాగితం మీద పెట్టలేదు కాబట్టి కొనేవాళ్లకి అది వాడిపోయిన సరుకులా కనిపిస్తోంది. అది నాకు బాధ కలిగించింది.

నేను జపాన్‌లో వెళ్లిన ఊరు కవాగోయె. టోక్యోలో ఇకెబుకురో స్టేషన్ నుంచి రైల్లో అరగంట. మందపాటి మట్టి గోడలూ నల్ల పెంకులూ ఉన్న పాత వర్తకుల కొట్లు వీధికి రెండు వైపులా, వాటి పైన చెక్కతో కట్టిన గంట గోపురం. పద్దెనిమిదో శతాబ్దం నడిమి నుంచీ ఆ చుట్టుపక్కల మెట్ట నేలల్లో చిలగడదుంప పండిస్తున్నారు. షింగాషి నది మీద పడవలకెత్తి ఎదో నగరానికి, అంటే నేటి టోక్యోకి పంపేవారు. నగరంలో కాల్చిన దుంపల కొట్లు వెలిశాయి. ఇప్పుడు నగరమే రైలెక్కి దుంప తినడానికి ఇక్కడికి వస్తోంది. అక్టోబరు 13న చిలగడదుంప రోజు అని ఆ ఊరి దుంపాభిమానులు 1987లో మొదలుపెట్టారు.

ఆ వీధిలో తిన్నవి చెప్పాలంటే చాలా ఉన్నాయి. దుంపని నిలువునా కాగితం మందాన కోసి వేయించి, కప్పులో నిలబెట్టి ఇస్తారు, ఒక్కో ముక్కా జానెడుంటుంది. ఉడికించి మెదిపి పలకలుగా పోసిన ఇమో యోకన్ ఉంది; అందులో దుంప, చక్కెర, కాస్త ఉప్పు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. ఊదా రంగు దుంపతో చేసిన ఐస్‌క్రీం ఉంది. వేయించిన ముక్కల్ని చక్కెర పాకంలో దొర్లించి పైన నల్ల నువ్వులు చల్లే డైగాకు ఇమో ఉంది. అది నోట్లో పెట్టుకోగానే నాకు మా పెద్దమ్మ చేసే బెల్లం పాకం ముక్కలు గుర్తొచ్చాయి. అనకాపల్లి బెల్లం ముదురు పాకం పట్టి, ఉడికిన చిలగడదుంప చక్రాలు అందులో వేసి, యాలక్కాయ పొడి వేసేది. నువ్వులు వేయాలన్న ఆలోచన మాత్రం మా ఇళ్లల్లో రాలేదు. చిమ్మిలి చేసే చేతులకి ఎందుకు తోచలేదో! ఈసారి నేను వేసి చూశాను, చాలా బావుంది.

అయితే అన్నిటికన్నా గొప్పది ఇషి యాకి ఇమో, అంటే వేడి గులకరాళ్లలో కాల్చిన దుంప. చిన్న ట్రక్కు మీద కట్టెల పొయ్యి, పొయ్యి మీద రాళ్ల పెట్టె, రాళ్లలో దుంపలు. అమ్మేవాడి పాట మైకులో సాగదీస్తూ వీధి మలుపు తిరుగుతుంది. ఇప్పుడు ట్రక్కులు తగ్గిపోయాయి. సూపర్ మార్కెట్ల గుమ్మం దగ్గర కరెంటు పెట్టెల్లో కాలుతున్నాయి. తలుపు తెరవగానే ఆ వాసనే ఎదురొస్తుంది. విరిస్తే లోపల పసుపు, అంచున తేనె కారి గట్టిపడిన మరక.

ఆ తేనె ఎక్కడిదో తెలిసినప్పుడు నాకు మా పొలాలు గుర్తొచ్చాయి. చిలగడదుంపలో పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైము ఒకటి ఉంటుంది, బీటా అమైలేజ్ అంటారు. దుంప లోపలి వేడి అరవై డిగ్రీల నుంచి డెబ్భై అయిదు దాకా ఉన్న కాసేపే అది బాగా పనిచేస్తుంది. అప్పుడు పిండి మెత్తబడి మాల్టోస్ అనే చక్కెరగా మారుతుంది. వేడి ఇంకా పెరిగితే ఎంజైము చచ్చిపోతుంది. కాబట్టి ఆ మధ్య మెట్టు మీద దుంప ఎంతసేపు నిలిస్తే అంత తీపి. రాళ్లు మెల్లగా వేడెక్కుతాయి, మెల్లగా వేడినిస్తాయి. ప్రెషర్ కుక్కర్ మూడు కూతల్లో ఆ మెట్టుని దూకేస్తుంది. మైక్రోవేవ్ దాని మీద కాలైనా పెట్టదు. రెంటిలోనూ దుంప ఉడుకుతుంది, తీపి మాత్రం లోపలే పిండిగా మిగిలిపోతుంది. "చిలగడదుంపలు ఇదివరకటిలా ఉండటం లేదు" అని పట్నాల్లో వింటూ ఉంటాను. విత్తనం మారిందనీ, ఎరువులనీ ఏవో కారణాలు చెబుతారు. నా నమ్మకం, మారినదాంట్లో చాలా భాగం మన పొయ్యే.

బజారు నుంచి రామభద్రపురం రోడ్డు పట్టి, పారాది దగ్గర వేగావతి దాటాను. కూరగాయల లారీలు ఎదురొస్తున్నాయి. రామభద్రపురం మార్కెట్ నుంచి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దాకా సరుకు వెళ్తుంది. నదికి కాస్త ఎడంగా ఇసుక కలిసిన గరువు ఒకటి ఉంది, మా చుట్టాలది. అక్కడ దుంప తవ్వుతున్నారని ముందే కబురు పెట్టారు. నేను వరసకి అప్ప అని పిలిచే ఆవిడ గునపంతో బోదె పక్కన పొడిచి, పైకి లేపి, తీగ పట్టి లాగుతుంటే దుంపలు గుత్తుగా వస్తున్నాయి. పక్కన పిల్లలు మట్టి రాల్చి గంపలో వేస్తున్నారు. జపాన్‌లో నర్సరీ బడి పిల్లల్ని శరత్తులో బస్సులెక్కించి దుంపలు తవ్వడానికి పొలాలకి తీసుకెళ్తారు. అది వాళ్ల బడి కాలెండరులో ఉంటుంది. ఇక్కడి పిల్లలు అది ఆదివారం పూట ఇంటి పనిగా చేస్తున్నారు. ఒకడికి పెద్ద దుంప విరక్కుండా వచ్చింది. వాడి అరుపుకి పక్క పొలం వాళ్లు కూడా తిరిగి చూశారు.

"ఇయ్యాల తంపటి ఏస్తాను, ఉండిపో" అంది అప్ప.

తంపటి చూసి ఎన్నేళ్లయిందో. అడుగు మాడి వంటకి పనికిరాని పాత మట్టికుండ తెచ్చింది. అది కూడా ఆవిడ ఇన్నాళ్లూ పశువుల శాలలో మూల దాచి ఉంచిందట, కొత్త కుండ పగులుతుందని. కొద్ది రోజుల కిందట తవ్వి నీడన పెట్టిన దుంపల్ని ఏరింది. చిన్నవి కాదు, మరీ లావువి కాదు, పిడికిట్లో పట్టేవి. కడిగి, తడి ఆరనిచ్చి, కుండలో ఒత్తుగా పేర్చింది. మూతి దగ్గర వరిగడ్డి చుట్ట గట్టిగా కూరింది. పొలం గట్టు పక్కన చదునైన చోట కుండని బోర్లించి, చుట్టూ ఎండు తాటాకు, చితుకులు, వాటి మీద పిడకలు పేర్చి ముట్టించింది.

తాటాకు భగ్గున మండి తొందరగానే అణిగిపోయింది. పిడకలు అంటుకున్నాయి. నేను కుండ దగ్గరకి వెళ్లబోతే మళ్లీ ఆపింది.

"ఇప్పుడే ముట్టుకోకమ్మా. మంటున్నంతసేపూ కుండ కాగుతాది అంతే. నివురయ్యాక ఉడుకుతాది దుంప. అప్పుడే పాకం వస్తాది."

ఎంజైము పేరు ఆవిడకి తెలియదు, తెలియనక్కర్లేదు. మంట అణిగాక నివురులో వదిలేసిన కుండ లోపల, తడి బయటకి పోకుండా, వేడి మెల్లగా దుంప నడిమికి చేరుతుంది. కవాగోయెలో రాళ్లు చేసే పని ఇక్కడ మట్టి చేస్తోంది. మా ఉత్తరాంధ్రలో తేగలకీ ఇదే పద్ధతి. తెల్లారి చలిలో తంపటి తేగ ఒలుచుకుని తిన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, నీళ్లలో ఉడకబెట్టిన తేగకీ దానికీ ఎంత తేడానో. చోడి అంబలి తాగి పొద్దున్నే పొలానికి వచ్చిన వాళ్లు పదకొండు గంటలకి తినే తిండి ఇది. భోగి తెల్లవారుజామున మంట అణిగాక ఆ నిప్పుల్లో పిల్లలు పడేసే దుంపలదీ ఇదే దారి. పైన కాస్త మాడుతుంది, లోపల నెయ్యిలా ఉంటుంది.

కుండ ఎత్తేసరికి మధ్యాహ్నం దాటింది. గడ్డి చుట్ట లాగగానే వచ్చిన ఆవిరిలో బెల్లం వాసన ఉంది, కాస్త పొగ వాసన ఉంది. తోలు చేత్తో లాగితే ఊడొచ్చింది. ఎర్ర తోలు దుంపల్లో లోపల తెలుపు మారి గోధుమ రంగుకి వచ్చింది. తోలు చిట్లిన చోట జిగురుగా, నల్లగా పాకం. నేను జపాన్‌లో చూసిన మరకే. ఉప్పు గల్లు అద్దుకుని తిన్నాం. పిల్లలు ఊదుకోవడానికి కూడా ఆగలేదు.

ఈ దుంప ఒకప్పుడు మనకీ వాళ్లకీ కొత్తదే. అమెరికా ఖండాల మధ్య, దక్షిణ భాగాల్లో పుట్టింది. మన దేశానికి పోర్చుగీసు ఓడల కాలంలో వచ్చింది. చైనా ఫుజియన్ తీరం నుంచి 1605లో నొగుని సోకాన్ అనే ఉద్యోగి దాన్ని ర్యూక్యూ దీవులకి తెచ్చాడు. అక్కడి నుంచి 1705లో మయెదా రియెమోన్ అనే నావికుడు జపాన్ దక్షిణ కొసనున్న సత్సుమాకి చేర్చాడు. 1732లో పశ్చిమ జపాన్‌లో పురుగు పట్టి వరి పోయింది, పెద్ద కరువు. దుంప పండే సత్సుమాలో మాత్రం జనం నిలదొక్కుకున్నారు. అది చూసి షోగున్ యోషిమునె 1735లో అయోకి కోన్యో అనే పండితుడి చేత ఎదోలో ప్రయోగాత్మకంగా నాటించాడు. ఆ పండితుడిని జనం దుంపల గురువుగారని పిలిచారు. రియెమోన్‌కి గుడి కట్టారు. ఒక దుంప తెచ్చినవాడికి గుడి! విన్నప్పుడు కళ్లు చెమ్మగిల్లాయి. మన దగ్గర కరువుల్లో జనాన్ని దాటించిన దుంపలెన్నో, అవి నాటిన చేతులెన్నో. ఒక్కరి పేరూ మనకి మిగల్లేదు.

జపాన్ వాళ్లూ దీన్ని అన్ని కాలాల్లోనూ నెత్తిన పెట్టుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధపు రోజుల్లో బియ్యం లేక బడి ఆటస్థలాల్లో కూడా దుంప నాటారు. ఆ తరానికి దాని పేరు చెబితేనే వెగటు. ఇంకెప్పుడూ తిననని ఒట్టు పెట్టుకున్న ముసలివాళ్లు ఉన్నారు. అయినా ఆ ఆకలి గుర్తుని చెరిపి మళ్లీ ఒక పండగ రుచిగా నిలబెట్టారు. తనెగాషిమా దీవిలోని అన్నో దుంపకి పేరు తెచ్చారు. బెని హరుకా అనే మెత్తని తియ్యని రకాన్ని 2010లో నమోదు చేశారు. కాల్చే పద్ధతి మీద శ్రద్ధ పెట్టారు. పేదరికపు గుర్తు అని ముద్ర పడిన తిండిని మళ్లీ తలెత్తుకునేలా చేయొచ్చని నాకు అక్కడ ధైర్యం వచ్చింది.

మన దగ్గర ఆ ముద్ర ఇంకా పోలేదు. ఉపవాసానికి ఒప్పుకుంటాం. తెలంగాణలో మహాశివరాత్రికి కందగడ్డ అనే పేరుతో ఇది ఉండాల్సిందే, మా వైపు కార్తీక సోమవారం రాత్రికి ఇది ఉడికిస్తారు. దప్పళంలో గుమ్మడికాయ పక్కన దీనికి చోటుంది, బజ్జీల బండి మీద అప్పుడప్పుడు కనిపిస్తుంది. కానీ ఇంటికి చుట్టం వస్తే పళ్లెంలో పెట్టం. బడి నుంచి వచ్చిన పిల్లాడికి పది రూపాయల చిప్స్ పొట్లం ఇస్తాం, తంపటి దుంప ఇవ్వం. నాకిది ఒప్పుకోబుద్ధి కాదు. బొబ్బిలి రైల్వే స్టేషన్ బయట, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, ఒక తంపటి కుండ ఎందుకు ఉండకూడదు? రాయగడ వెళ్లే బండి ఎక్కేవాళ్లు చేతిలో వేడిగా పట్టుకుని ఎక్కుతారు.

సాయంత్రం అప్ప తన బాధ చెప్పింది. ముక్కు పురుగు. తీగ మొదలు దగ్గర నేల పగిలితే ఆ పగుళ్లలోంచి దిగి దుంపలో గుడ్లు పెడుతుంది. ఒక్క చోట తొలిచినా దుంపంతా చేదెక్కుతుంది, తంపటి వేసినా ఆ చేదు పోదు. మట్టి ఎగదోసి పగుళ్లు కప్పడం, పాత తీగ నాటకుండా ఉండటం, తవ్వాక పొలంలో మిగిలిన ముక్కలు ఏరేయడం, చేయగలిగినవి ఇవే. పెద్ద దుంపలు చేను నిండా వచ్చిన ఏడు కూడా సగం పారేసిన రోజులున్నాయంది. చిలగడదుంప సులువు పంట అనుకునేవాళ్లు ఆవిడ చెప్పే మాటలు వినాలి.

నేను నారింజ రంగు దుంప గురించి చెప్పాను. తిరువనంతపురంలో 1963లో పెట్టిన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థకి భువనేశ్వర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడ తయారుచేసిన భూసోనా అనే రకం లోపల నారింజ రంగులో ఉంటుంది. నూరు గ్రాముల్లో పద్నాలుగు మిల్లీగ్రాముల బీటా కెరోటిన్. మామూలు తెల్ల దుంపలో అది లేనట్టే. శరీరం దాన్ని విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. చిన్నపిల్లల చూపుకీ, రోగాల్ని తట్టుకునే శక్తికీ అది కావాలి. ఆఫ్రికాలో ఇలాంటి నారింజ దుంపల్ని ఊరూరికీ చేర్చినందుకు మరియా ఆండ్రాడె, రాబర్ట్ మ్వంగా, జాన్ లో లకి, పంటల్లోనే పోషకాలు పెంచే పనికి ముందు నిలిచిన హోవర్త్ బూయిస్‌కి కలిపి 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. అలాంటి దుంప నూట ఇరవై అయిదు గ్రాములుంటే బడికి వెళ్లని వయసు పిల్లకి ఆ రోజుకి సరిపోయే విటమిన్ ఎ అందుతుంది. మా సాలూరు, మక్కువ కొండల కింది అంగన్వాడీల్లో ఇది పెడితే ఎంత బావుంటుందో.

అప్ప అంతా విన్నది. పిల్లల చూపు మాట వచ్చినప్పుడు తన మనవరాలికేసి చూసింది. తీగ ఎక్కడ దొరుకుతాదో, ఎప్పుడు అడగాలో, ఎన్ని ముక్కలు ఇస్తారో అడిగింది. తొలకరికి నాటాలంటే వేసవిలోనే మడి కట్టి తీగ పెంచుకోవాలి, జానెడు ముక్కలు కోసి పెట్టాలి కాబట్టి మాఘం నాటికే భువనేశ్వర్ కబురు పెట్టాలని లెక్క వేసుకున్నాం. బావి పక్క అరసెంటు మడి దానికి వదులుతానంది. నేను వద్దన్నా వినకుండా సగం గంప దుంపలు నా సంచిలో పోస్తూ ఒక షరతు పెట్టింది.

"రంగు బాగుంటే సరిపోదమ్మా. నీళ్లగా ఉంటే మా గుంటలు తినరు. తవ్వినాక ఓ కుండ తంపటి ఏసి చూస్తాను. తీపుంటే గరువంతా అదే ఏస్తాం."